పెద్దల్లుడి కుర్చీలో మాత్రమే

ఆ బ్లడ్ బ్యాంకులో అందరూ ఆయన్ని పెద్దల్లుడు గారనే పిలుస్తారు. ఆ పేరు వచ్చి ఏడాదే అయింది. అంతకుముందు ఆయన కంప్యూటర్ సారు. ఆయన మరదలి మొగుడు అదే ఆఫీసులో, అదే గదిలో, ఎదురు బల్ల దగ్గర ఉద్యోగంలో చేరిన రోజున నర్సమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఒకే అత్తగారికి ఇద్దరల్లుళ్ళూ మా నెత్తినే పడ్డారన్నమాట! ఇంక మాకూ అదే వరస. మీరు పెద్దల్లుడు గారు, ఈయన చిన్నల్లుడు" అంది. నవ్వులాటకి పెట్టిన పేర్లు అలాగే నిలిచిపోయాయి. పెద్దల్లుడికి 'గారు' మిగిలింది. చిన్నల్లుడికి ఆ నవ్వు మిగిలింది.

చిన్నల్లుడికి ఆ ఉద్యోగం ఇప్పించింది పెద్దల్లుడే. అత్తగారు నోరు విడిచి అడిగింది. మరదలు కళ్ళతో అడిగింది. భార్య అడగలేదు గానీ వారం పాటు కూరలో ఉప్పు సరిగ్గా వేసింది. ఆయన పెద్ద డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ఒక మాట వేశాడు. వేసిన ఆ మాటని ఏడాదిగా రోజూ మనసులో వెనక్కి తీసుకుంటూనే ఉన్నాడు.

ఎందుకంటే చిన్నల్లుడు ఎక్కడ పెడితే అక్కడ ఇమిడిపోయే మనిషి. చేరిన వారానికే వాచ్‌మన్‌కి ఏ కాలు నొప్పో, నర్సమ్మ కూతురు ఏ పరీక్ష రాస్తోందో అతనికి తెలిసిపోయింది. సూదిని చూసి వణికే దాతల పక్కన కూర్చుని ఏవో కబుర్లు చెబుతాడు. వాళ్ళు నవ్వుతూ నవ్వుతూ, "ఇంకా గుచ్చలేదా?" అని అడిగేసరికి సంచి సగం నిండి ఉంటుంది. అత్తగారింటికి వెళితే నేరుగా వంటింట్లోకి పోయి, డబ్బాలు తనే వెతుక్కుని అందరికీ టీ పెట్టేస్తాడు. పెద్దల్లుడు ఆ ఇంటికి అల్లుడై ఇన్నేళ్ళయినా అక్కడ మంచినీళ్ళ గ్లాసు ఏ అరలో ఉంటుందో ఆయనకి తెలీదు. తెలియాల్సిన అవసరం ఎవరూ రానివ్వలేదు. అదే మర్యాద అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు చూస్తే, అత్తగారు ఆ టీ చప్పరిస్తూ, "వీడు అల్లుడేంటే, నా కడుపున పుట్టాల్సినవాడు" అంటోంది. పెద్దల్లుడికి మాత్రం హాల్లో ఫ్యాను కింద కుర్చీలో మర్యాద ఎప్పట్లాగే అందుతోంది. కొత్త వింత, పాత రోత అని ఊరికే అన్నారా!

అయితే ఆఫీసులో ఆయనకొక కోట ఉంది. ఏ గ్రూపు రక్తం ఎన్ని సంచులుందో రోజూ పొద్దున ఆరున్నరకి ఊళ్ళో ఆసుపత్రులన్నిటికీ కబురు వెళ్ళాలి. అది చూసుకునే వాళ్ళు ఆ రోజు ఆపరేషన్లు ఖాయం చేసుకుంటారు. ఆ ప్రోగ్రాం రాసింది పెద్దల్లుడు. నడిపేదీ పెద్దల్లుడే. పొద్దున్నే వచ్చి, దిండు వేసిన తన కుర్చీలో కూర్చుని, నల్లటి తెర మీద ఒక్క వరస కొట్టి మీట నొక్కితే చాలు, కబురు రివ్వున పోతుంది. జ్వరమొచ్చినా వచ్చి నొక్కాడు. రోడ్లు మునిగినా వచ్చి నొక్కాడు. "పెద్దల్లుడు గారు మీట నొక్కితే గానీ ఊళ్ళో కత్తి లేవదు" అని వాచ్‌మన్ అంటే, పైకి విసుక్కునేవాడు గానీ లోపల ఎంత చల్లగా ఉండేదో ఆయనకే తెలుసు.

ఒకరోజు బట్టలు మడతపెడుతూ, అదేదో మామూలు సంగతైనట్టు అంది భార్య. "ఏమండీ, సముద్రానికి టిక్కెట్లు తీశాను. వచ్చే గురువారం మధ్యాహ్నం రైలు. మనిద్దరికే."

"పొద్దున కబురు ఎవరు పంపుతారు?"

"మీ తోడల్లుడు లేడూ?"

"అతనా?"

"ఏం, అతనికి వేళ్ళు లేవా? ఒక్క మీట నొక్కడానికి పెద్ద చదువులు చదవాలా ఏంటి?" ఆవిడ దుప్పటి అంచు ఆయన చేతికిచ్చి రెండో అంచు తను పట్టుకుంది. "చెల్లి వాళ్ళు ఈ ఏడు రెండుసార్లు వెళ్ళొచ్చారు. నేను దాని ఫోన్లో సముద్రాన్ని చూసి బాగుంది, బాగుంది అంటున్నాను. ఈసారి మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. మీ సీట్లో సంచి పెట్టుకుంటాను."

ఆయన దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తను వెళితే చిన్నల్లుడు నొక్కుతాడు. నాలుగు రోజులు చాలు. ఐదో రోజుకి వాచ్‌మన్ పాట మార్చేస్తాడు. "చిన్నల్లుడు కూడా బాగానే నొక్కుతున్నాడే" అని డాక్టరమ్మ ఒక్కమాట అంటే తన కోట అంతటితో సరి. భార్యని ఒంటరిగా పంపించలేడు, చిన్నల్లుడి చేతికి మీట ఇవ్వలేడు. ఇద్దరూ నొక్కక్కర్లేని దారి ఒక్కటే ఉంది. ఆ కంప్యూటర్నే నొక్కుకోమనాలి.

కంప్యూటర్లో క్రాన్ అని ఒక గడియారపు పనివాడుంటాడు. ఫలానా టైముకి ఫలానా కమాండ్ నడపమని ఒక వరస రాసిపెడితే, మనిషి ఉన్నా లేకపోయినా ఆ టైముకి నడిపేస్తాడు. చిన్నల్లుడు వచ్చిన నెలలోనే తన పనులన్నీ ఆ పనివాడికి అప్పజెప్పి దాతల దగ్గర కబుర్లకి కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ దాన్ని సోమరితనం అనేవాడు పెద్దల్లుడు. ఇప్పుడు అదే పనివాడికి తనూ ఒక వరస రాసిపెట్టాడు, ఇంట్లో భార్యకి తప్ప ఎవరికీ చెప్పకుండా.

మర్నాడు అలవాటు కొద్దీ ముందే వచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆరున్నర అయింది. ఏమీ జరగలేదు. ఇంకాస్త ఆగాడు. ఏమీ లేదు. నల్ల తెర తెరిచి చేత్తో అదే వరస కొట్టాడు. రివ్వున పోయింది. ఆ మర్నాడూ అదే తంతు. చేత్తో కొడితే గుర్రం, టైముకి వదిలేస్తే గాడిద.

ప్రోగ్రాంలో తప్పుంటే చేత్తో కొట్టినా నడవకూడదు కదా! నడుస్తోందంటే తప్పు ప్రోగ్రాంది కాదు. ప్రోగ్రాంది కానప్పుడు ఎవరిదో అయి ఉండాలి. ఎవరిది? ఈ ఆఫీసులో ఆ మెషీన్ తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. పెద్దల్లుడు తల ఎత్తి ఎదురు బల్ల వైపు చూశాడు. చిన్నల్లుడు కూనిరాగం తీస్తూ పెన్సిలు చెక్కుకుంటున్నాడు. తప్పు చేసినవాడు కాకపోతే పొద్దున్నే అంత సంతోషం ఎక్కడినుంచి వస్తుంది?

అనుమానం అంటూ పుట్టాక దానికి తిండి తనంతట తనే దొరుకుతుంది. మొన్న ఇతను తన తెర వైపు ఎందుకు తొంగిచూశాడు? సముద్రం సంగతి అక్క చెల్లికి చెబితే, చెల్లి మొగుడికి చెప్పకుండా ఉంటుందా? కాచుకుని కూర్చున్నాడన్నమాట. అన్నయ్య వల్ల కాలేదు గానీ నేను చేసిపెట్టానని డాక్టరమ్మ ముందు నిలబడాలని! పెద్దల్లుడు ఒక ఉపాయం పన్నాడు. చిన్నల్లుడు రక్తదాన శిబిరానికని ఏదో కాలేజీకి వెళ్ళిన రోజు చూసి, అతని కంప్యూటర్ కట్టేసి ఉందని రెండుసార్లు తడిమి చూసుకుని, క్రాన్‌లో టైము పదకొండుకి మార్చాడు. గదిలో పురుగు కూడా లేదు. తలుపు దగ్గరికేసి కళ్ళు ఆర్పకుండా కూర్చున్నాడు.

పదకొండు దాటింది. కబురు పోలేదు.

దొంగ దొరకలేదన్నది ఒక బాధ. చిన్నల్లుడు దొంగ కాదన్నది అంతకంటే పెద్ద బాధ.

సాయంత్రం చిన్నల్లుడు శిబిరంలో మిగిలిన బిస్కెట్ల పొట్లాలు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు. ఒకటి పెద్దల్లుడి బల్ల మీద పెట్టాడు. "ఏంటన్నయ్యా, రక్తం ఇచ్చినవాళ్ళ కంటే మీరే పాలిపోయారు?"

"ఏం లేదు."

"క్రాన్ పెట్టారట కదా. మీ మరదలు చెప్పింది. నడవట్లేదా?"

"నా దగ్గర నడుస్తోంది."

"మీ దగ్గర నడిస్తే లాభమేంటి? వాడి దగ్గర నడవాలి కదా."

"నడుస్తుంది."

"ఎప్పుడు?"

"నడిచినప్పుడు."

"అలాగే అలాగే." చిన్నల్లుడు ఒక బిస్కెట్ నోట్లో వేసుకున్నాడు. "కావాలంటే పిలవండి. బస్సెక్కి రావాలా ఏంటి, ఎదురు బల్లేగా."

ఇంటికి వచ్చేసరికి పెట్టె తెరిచి ఉంది. భార్య ఆయన చొక్కాలు ఒక పక్కన, తన చీరలు ఒక పక్కన పేర్చింది. ఆయన మొహం చూసి, చొక్కాలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టడం మొదలుపెట్టింది.

"అదేంటి?"

"మీ సీట్లో ఏ రంగు సంచి పెట్టుకోమంటారో చెప్పండి. ఎర్రదా, నీలందా?"

మర్నాడు పొద్దున పెద్దల్లుడు ఎదురు బల్ల దాకా నడిచి వెళ్ళాడు. నాలుగడుగుల దూరం నాలుగూళ్ళ దూరమైంది. "ఏమోయ్, ఒకసారి చూస్తావా" అన్నాడు. ఆ మాట గోడలోంచి మేకు పీకినట్టు వచ్చింది.

చిన్నల్లుడు లేచాడు. ముందుగా వెళ్ళి గది తలుపు మూశాడు. నర్సమ్మ అవతలే ఉంది మరి. ఆ తలుపు ఎందుకు మూశాడో పెద్దల్లుడికి తెలిసింది. తెలిసినందుకు మెచ్చుకోవాలనిపించింది. మెచ్చుకోవాలనిపించినందుకు ఇంకాస్త మండింది.

"ఏది, నడిపి చూపించండి" అన్నాడు చిన్నల్లుడు. పెద్దల్లుడు తన కుర్చీ వైపు తిరిగాడు. "ఆగండాగండి. ఆ కుర్చీలో వద్దు. ఆ కుర్చీలో మీరు చెబితే రాయి కూడా నడుస్తుంది. నా బల్ల దగ్గర, నా పేరుతో నడుపుదాం."

"ఎందుకు?"

"ఊరికే. చూద్దాం."

చిన్నల్లుడు తన పేరుతో తెర తెరిచి ఆ వరసే కొట్టాడు. ఒక్క ముక్కలో జవాబొచ్చింది. అలాంటి ప్రోగ్రాం ఏదీ లేదట. పెద్దల్లుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. లేదనే ఉంది. ఇన్నేళ్ళుగా రోజూ నడుపుతున్న ప్రోగ్రాం అసలు లేదు పొమ్మంటోంది.

"ఇప్పుడు వాణ్ణే అడుగుదాం" అన్నాడు చిన్నల్లుడు. "నీకేమేం తెలుసో రాసివ్వమని." క్రాన్ చేత ఒక కమాండ్ నడిపించి, వాడికి తెలిసిన సంగతులన్నీ ఒక ఫైల్లో రాయించాడు. అదే కమాండ్‌ని పెద్దల్లుడి నల్ల తెర మీద కొట్టించాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. క్రాన్ రాసింది గుప్పెడు వరసలు. పెద్దల్లుడి తెర రాసింది పైనుంచి కిందికి పోతూనే ఉంది.

"చూశారా అన్నయ్యా. మీదేమో పండిన కాపురం. వాడిదేమో బ్రహ్మచారి గది. చాప, చెంబు, అంతే."

అప్పుడు అర్థమైంది పెద్దల్లుడికి. ఆ ప్రోగ్రాం ఎక్కడుందో, ఏ ఫోల్డర్లో కూర్చుని పనిచేయాలో, ఆసుపత్రుల పేర్లు ఏ భాష అక్షరాల్లో చదవాలో, అన్నీ తన పేరుతో లోపలికి రాగానే కంప్యూటర్ తనకి అమర్చిపెడుతోంది. అలా అమర్చమని చెప్పింది తనే. ఎప్పుడో ఒక్కోటి, అవసరం వచ్చినప్పుడల్లా, తన సెట్టింగుల్లో రాసుకుంటూ వచ్చాడు. రాసిన సంగతే మర్చిపోయాడు. క్రాన్ తన పేరుతోనే నడిపినా ఆ గుమ్మంలోంచి రాడు. ఆ అమరికలేవీ చూడడు. అందుకని చేత్తో కొట్టి చూసిన ప్రతిసారీ పెద్దల్లుడు పరీక్ష పెట్టింది ప్రోగ్రాంకి కాదు, తన కుర్చీకి.

దారి తెలిశాక పని అరటిపండు ఒలిచినట్టే. ప్రతిదానికీ పూర్తి చిరునామా రాశాడు. ముందు ఫలానా ఫోల్డర్లోకి వెళ్ళు, ఫలానా భాష పట్టుకో, ఆ తర్వాతే మొదలుపెట్టు అని వరుసగా చెప్పాడు. ఎక్కడ పడిపోతోందో తెలిసేలా అది అనే ప్రతి మాటా ఒక ఫైల్లో పడేలా చేశాడు. శనివారం ఆరున్నరకి, ఆయన చేతులు కట్టుకుని చూస్తుండగా, కబురు దానంతటది వెళ్ళిపోయింది. సంతోషమే. కాకపోతే కూతురు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వీధి దాటేసినప్పుడు కలిగే సంతోషం లాంటిది.

అక్కడితో అయిపోతే ఆయన మనసు కుదుటపడేదేమో. ఆదివారం అత్తగారింట్లో భోజనాలు. వడ్డన సగంలో ఉండగా చిన్నల్లుడు ఆ కథ ఎత్తుకున్నాడు.

"అత్తయ్యా, మా అన్నయ్య ప్రోగ్రాం ఎంత మర్యాదస్తురాలో తెలుసా! అన్నయ్య ఆ కుర్చీలో కూర్చుంటే గానీ కదలదు. దిండు ఉండాలి. కళ్ళజోడు ఉండాలి. అన్నయ్య లేచాడా, ఇదిగో ఇలా..." అంటూ కళ్ళు మూసి, నాలుక బయటపెట్టి, కుర్చీలో పక్కకి వాలిపోయాడు.

అత్తగారికి నవ్వుతో పొలమారింది. మరదలు ఆవిడ నెత్తి మీద తడుతూ తనూ నవ్వింది. అంతవరకూ పెద్దల్లుడు ఓర్చుకున్నాడు. కానీ పక్కనున్న భార్య కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని, "అచ్చం మా ఆయనే! ఇంట్లో పులి, వీధిలో పిల్లి! కళ్ళజోడు చేతికిచ్చి, చెప్పులు కాళ్ళ దగ్గర పెట్టి, ఇదిగో ఇటు వెళ్ళండి అంటే గానీ గడప దాటరు" అంది.

ఆయనా నవ్వాడు. నవ్వక చేసేదేముంది? అన్నంలో పెరుగు కలుపుకుంటుంటే అది ఎంతకీ కలవలేదు. చిన్నల్లుడు నవ్వించిన భార్య నవ్వు ఆయన చెవుల్లో మోగుతూనే ఉంది. తను ఎప్పుడైనా ఆవిణ్ణి అలా నవ్వించాడా? గుర్తు రాలేదు. ఇకమీదట ఆకాశం విరిగి పడినా ఎదురు బల్ల వైపు వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆకాశం సోమవారమే విరిగింది. ఏ రోజు మాటలు ఆ రోజు ఫైల్లో పడితే బాగుంటుందని, ఫైలు పేరులో తేదీ వచ్చేలా క్రాన్ వరసలో చిన్న మార్పు చేశాడు. అంతే, కబురు ఆగిపోయింది. కనీసం ఫైలు కూడా పుట్టలేదు. చేత్తో కొడితే మళ్ళీ రివ్వున పోయింది.

"ఏమన్నా సాయం కావాలా అన్నయ్యా?" అన్నాడు ఎదురు బల్ల నుంచి చిన్నల్లుడు.

"అక్కర్లేదు."

ఆ రోజంతా ఆయన క్రాన్ గురించి కంప్యూటర్లోనే ఉన్న సహాయం పేజీలు మొదటినుంచి చివరిదాకా చదివాడు. కాలేజీ రోజుల తర్వాత అంత శ్రద్ధగా ఆయన ఏదీ చదవలేదు. నర్సమ్మ తెచ్చిన టీ చల్లారిపోతే ఆవిడే తీసుకెళ్ళి వేడిచేసి, మీద పళ్ళెం మూతపెట్టి తెచ్చింది. ఆ పళ్ళెం తీస్తుండగానే దొరికింది ఆ వాక్యం. తేదీ రాయడానికి వాడే శాతం గుర్తు నల్ల తెర మీద మామూలు గుర్తే. క్రాన్ వరసలో మాత్రం ఆ గుర్తు కనబడగానే వాడు వరస అక్కడితో అయిపోయిందనుకుంటాడు. మిగతాది నడపడు. గుర్తుకి ముందు ఒక ఏటవాలు గీత పెడితే అప్పుడు మామూలుగా చదువుకుంటాడు. అంతే సంగతి. ఆయన గీతలు పెట్టాడు. మంగళవారం కబురు వెళ్ళింది. బుధవారమూ వెళ్ళింది, తేదీ వేసుకుని మరీ.

ఇది చిన్నల్లుడికి తెలీదు. ఆ ఆలోచన పెద్దల్లుడి నాలుక కింద బెల్లం ముక్కలా కరుగుతూ ఉంది.

బుధవారం మధ్యాహ్నం డాక్టరమ్మ గదిలోకొచ్చింది. నేరుగా ఎదురు బల్ల దగ్గరికే వెళ్ళింది. "దాతలకి గుర్తుచేసే పని అయిందా? రక్తం ఇచ్చి మూణ్ణెల్లు దాటిన వాళ్ళందరికీ శుక్రవారం పదింటికల్లా వెళ్ళిపోవాలి. శనాదివారాలే కదా వాళ్ళకి ఖాళీ."

"అయిపోయింది మేడమ్. క్రాన్‌లో పెట్టేశాను."

"నువ్వొచ్చాక నాకు అడగాల్సిన పనే లేకుండా పోయిందయ్యా" అంది ఆవిడ. తిరిగి వెళుతూ పెద్దల్లుడి వైపు చూసి, "సముద్రానికట కదా, హాయిగా వెళ్ళిరండి. ఇక్కడ చిన్నల్లుడున్నాడుగా" అంది.

కబురు దానంతటది వెళుతోందనీ, ఎవరూ ఉండక్కర్లేదనీ చెబుదామని ఆయన నోరు తెరిచేలోగా తలుపు మూసుకుంది.

"అన్నయ్యా, మీరూ ఒకసారి చూడండి." చిన్నల్లుడు తెర ఇటు తిప్పాడు. "పంపిన వాళ్ళ పేర్లు ఆ రోజు తేదీతో ఫైల్లో పడతాయి. మిమ్మల్ని చూసే పెట్టాను ఈ తేదీ ముచ్చట. చేత్తో నడిపి చూశాను. మొదటి దెబ్బకే!"

పెద్దల్లుడు వంగి చూశాడు. వరస చివర తేదీ ఉంది. తేదీలో శాతం గుర్తులు మూడూ ఉన్నాయి. వాటి ముందు గీతలు లేవు.

"బాగుంది" అన్నాడు.

"నిజంగా?"

"బాగుందన్నానుగా."

ఆ ఒక్క మాటని ఆయన మర్నాడు రైలెక్కేదాకా జేబులో పెట్టుకుని తిరిగాడు. రైల్లో కిటికీ పక్క సీటు భార్యకిచ్చాడు. సంచి పైన అరలో ఉంది. ఆవిడ పొలాల్నీ, స్టేషన్లనీ, అవతలి పట్టాల మీద పోయే రైళ్ళనీ చూస్తోంది. ఆయన శుక్రవారం పదింటిని చూస్తున్నాడు. పది దాటుతుంది. ఒక్క దాతకీ కబురు వెళ్ళదు. డాక్టరమ్మ తలుపు తీసుకుని వస్తుంది. చిన్నల్లుడు, "నా దగ్గర నడిచింది మేడమ్" అంటాడు. అక్కడికొచ్చేసరికి పెద్దల్లుడి పెదాలు వాటంతటవే విచ్చుకుంటున్నాయి.

"ఏంటి, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అంది భార్య. "బయల్దేరితే బాగానే ఉంటుందని చెప్పానా లేదా?" ఆవిడ సంతోషంగా ఆయన భుజానికి చేరబడింది. ఆ సంతోషాన్ని తన లెక్కలో వేసుకోలేనని ఆయనకి తెలుసు.

శుక్రవారం పొద్దున ఇద్దరూ ఒడ్డుకి వెళ్ళారు. భార్య చెప్పులు చేత్తో పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా వెనక్కి ఉరుకుతోంది. ఆయన పొడి ఇసుకలో నిలబడి ఫోను వంక చూస్తున్నాడు. బయల్దేరే ముందు, ఆసుపత్రుల నంబర్ల కింద తన నంబరు కూడా చేర్చి వచ్చాడు.

ఆరున్నరకి ఫోను కదిలింది. కబురు వచ్చింది.

అరిచినంత పనిచేశాడు. అంతలోనే అనుమానం కాటేసింది. ఒకవేళ చిన్నల్లుడు ముందే వచ్చి చేత్తో పంపాడేమో! అలా పంపాలంటే ఆఫీసుకి రావాల్సిందే. వచ్చాడా? డాక్టరమ్మ మెప్పు కోసం ఎంతకైనా వస్తాడు. అదేదో తేల్చుకోవాలని కబురుని మరోసారి తెరిచాడు, ఏదైనా తేడా కనబడుతుందేమోనని. ఇన్నేళ్ళలో ఆయన ఆ కబురు వెళ్ళిందా లేదా అనే చూశాడు. అందుకున్నవాడిలా చదవడం అదే మొదటిసారి. ఏ పాజిటివ్, ఇన్ని. బి పాజిటివ్, ఇన్ని. వేలితో కిందికి జరుపుతూ వచ్చి చివరి వరస దగ్గర ఆగాడు.

ఓ నెగెటివ్: ఒకటి.

ఊరు మొత్తానికి ఒక్క సంచి. ఆ గ్రూపు దాతలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది. వాళ్ళకి గుర్తుచేసే కబురు పదింటికి వెళ్ళాలి. పదింటికి వెళ్ళదని ఈ భూమ్మీద తెలిసిన మనిషి ఒక్కడే. ఆ మనిషి ఇసుకలో నిలబడి ఉన్నాడు.

ఆయన చిన్నల్లుడికి ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక మరదలు ఎత్తింది.

"బావగారూ! సముద్రం ఎలా ఉంది? అక్క ఏం చేస్తోంది?"

"ఉరుకుతోందమ్మా. మీ ఆయన ఆఫీసుకెళ్ళాడా?"

"ఆఫీసా? ఇంకా లేవందే. మీ కబురు మీరు పెట్టిన మెషీనే పంపుతుందట కదా, ఇంక నేనెందుకు లేవడం అని ముసుగుతన్నాడు. గురక వినిపించమంటారా?"

అయితే దానంతటదే వెళ్ళింది. ఎవరూ నొక్కలేదు. పెద్దల్లుడి గుండె నిండిపోయింది. ఆ వెనకే ఇంకోటి వచ్చింది. తన మెషీన్ని తన కంటే చిన్నల్లుడే ఎక్కువ నమ్మి, హాయిగా పడుకున్నాడు. తను నిన్నటినుంచి కన్నార్పలేదు.

"లేపమంటారా బావగారూ?"

"లేపమ్మా" అన్నాడు. అనడంలో కొంచెం సుఖం కూడా ఉంది.

చిన్నల్లుడి గొంతు దుప్పటిలోంచి వచ్చింది. "అన్నయ్యా? వెళ్ళిందా?"

"వెళ్ళింది. నీది వెళ్ళదు." శాతం గుర్తు సంగతి అంతా చెప్పాడు.

"చేత్తో నడిచింది కదా..." అని మొదలుపెట్టి, చిన్నల్లుడు తనే ఆగిపోయాడు. మంచం కిర్రుమంది. లేచి కూర్చున్నట్టున్నాడు. "మీరు దీన్ని ఎప్పుడు చూశారన్నయ్యా?"

అల ఒకటి వచ్చి పెద్దల్లుడి చెప్పులు తడిపింది. రైల్లో తోచిందనొచ్చు. ఇప్పుడే తట్టిందనొచ్చు. అతను నమ్ముతాడు కూడా.

"బుధవారమే. నువ్వు చూపించినప్పుడే."

అవతల ఎక్కడో మరదలు గిన్నె దింపిన చప్పుడైంది.

"సరే" అన్నాడు చివరికి చిన్నల్లుడు. గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. కోపమూ లేదు. "పదిలోగా వెళ్ళి మార్చేస్తాను. ఆ గీత ఎటు వాలాలి?"

"తల ఎడమకి వాలాలి."

"ఎడమకి. మూడింటికీనా?"

"మూడింటికీ. మార్చాక చేత్తో నడిపి చూడకు. క్రాన్‌లోనే రెండు నిమిషాల తర్వాతకి టైము పెట్టి, నీ ఒక్కడి నంబరుకే పంపించుకుని చూడు."

"అలాగే అన్నయ్యా. వదిన్ని నీళ్ళలో మరీ లోపలికి వెళ్ళనివ్వకండి." ఫోను పెట్టేశాడు.

అవతల భార్య చెయ్యి ఊపుతూ రమ్మంటోంది. పెద్దల్లుడు చెప్పులు విప్పాడు. ఒక్క మాట అనకుండా, ఒక్క ఎత్తిపొడుపు లేకుండా, ఆ గీత ఎటు వాలాలని అడిగి ఊరుకున్నాడు! అంత తేలిగ్గా వదిలేయడం కూడా ఇతనికే రావాలా అనుకుంటూ, కడుపులో మంట అలాగే ఉండగా, ఆయన నీళ్ళ వైపు నడిచాడు.